గ్యాస్ బర్నర్‌కి ఫ్లేమ్ స్కానర్ బిగించి సెట్ చేయడం: సైట్ పైపు నుంచి చివరి టెస్ట్ దాకా

4 టన్నుల స్టీమ్ బాయిలర్ ఫుల్ లోడ్ మీద నడుస్తుంటే బర్నర్ గంటకు 300 ఘనపు మీటర్లకు పైగా సహజవాయువు తీసుకుంటుంది. దానికి పదింతల గాలిని బ్లోయర్ తోస్తుంది. అంటే సెకనుకు దాదాపు ఒక ఘనపు మీటరు గాలి, గ్యాస్ మిశ్రమం ఫర్నేస్ ట్యూబ్‌లోకి వెళ్తోందన్నమాట. అందులో గ్యాస్ వాటా 9, 10 శాతం ఉంటుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఈ సైజు బాయిలర్‌లో ఫర్నేస్ ట్యూబ్ లోపలి ఖాళీ రెండు మూడు ఘనపు మీటర్లకు మించదు. మంట ఆరిపోయాక గ్యాస్ వాల్వ్ ఇంకా తెరిచే ఉంటే, రెండు మూడు సెకన్లలో ట్యూబ్ మొత్తం పేలుడు మిశ్రమంతో నిండిపోతుంది. దాన్ని అంటించడానికి ఎదురుగా ఎర్రగా కాలిన రిఫ్రాక్టరీ (వేడి తట్టుకునే ఇటుక) సిద్ధంగా ఉంటుంది.

ఆ రెండు మూడు సెకన్లలో వాల్వ్ మూయించే బాధ్యత మంట ఉందో లేదో చూసే ఫ్లేమ్ స్కానర్‌ది. అందుకే స్కానర్ మంటను చూస్తోందని తేలితే సరిపోదు. మంట లేనప్పుడు దానికి ఏమీ కనిపించకూడదు, స్పార్క్ గానీ ఎర్రబడ్డ ఇటుక గానీ. చాలా చోట్ల మొదటి సగం మాత్రమే చూసుకుని కమిషనింగ్ అయిపోయిందని సంతకం పెట్టేస్తారు. ఈ మార్గదర్శిలో రెండో సగానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణకు తీసుకున్నది పైలట్ (మెయిన్ మంటని వెలిగించే చిన్న మంట) ఉన్న గ్యాస్ బర్నర్, మూడు పాస్‌ల (వేడి వాయువు మూడుసార్లు అటూ ఇటూ తిరిగే) ప్యాకేజ్ బాయిలర్, యూవీ (అతినీలలోహిత) స్కానర్. థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్‌కైనా, హాట్ ఎయిర్ జనరేటర్‌కైనా పద్ధతి దాదాపు ఇదే.

ముందు ఏ సెన్సర్ పెట్టాలో తేల్చుకోండి

ఫర్నేస్ ఆయిల్ మంట పసుప్పచ్చగా వెలుగుతుంది. అక్కడ మామూలు ఫోటోసెల్ కూడా పనిచేస్తుంది. సరిగ్గా కాలుతున్న గ్యాస్ మంట నీలంగా, కంటికి సరిగా కనబడనంత పలచగా ఉంటుంది. కాబట్టి ఆయిల్ బాయిలర్‌ని పైపు గ్యాస్‌కి మార్చినప్పుడు పాత ఫోటోసెల్‌తోనే నడిపిద్దాం అనుకోకండి. ఇంధనం మారితే సెన్సర్, దాని సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ రెండూ మారాలి.

గ్యాస్‌కి మొదటి ఎంపిక యూవీ. ఈ స్కానర్ లోపల గ్యాస్ నింపిన చిన్న ట్యూబ్ ఉంటుంది. మంట మొదట్లో పుట్టే అతినీలలోహిత కాంతి ట్యూబ్‌లోని కాథోడ్ మీద పడగానే కరెంటు పల్సులు మొదలవుతాయి. ఇది సుమారు 190 నుంచి 270 నానోమీటర్ల మధ్య కాంతికే స్పందిస్తుంది. ఆ శ్రేణిలోని సూర్యకాంతిని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది కాబట్టి పగటి వెలుగుతో ఇబ్బంది లేదు.

ఆయిల్ మంటకు ఇన్‌ఫ్రారెడ్ మేలు. నూనె ఆవిరి, పొగ యూవీని మింగేస్తాయి, ఇన్‌ఫ్రారెడ్‌కి అంత అడ్డం కావు. అయితే వేడెక్కిన రిఫ్రాక్టరీ కూడా ఇన్‌ఫ్రారెడ్ ఇస్తుంది. అందుకే ఈ రకం స్కానర్ స్థిరమైన వెలుగుని వదిలేసి మంట మిణుకుని మాత్రమే పట్టుకుంటుంది. రెండు ఇంధనాల మీద నడిచే బర్నర్ అయితే రెంటినీ చూసే స్కానర్ తీసుకోండి, లేదా కంపెనీ సూచించినట్టు రెండు స్కానర్లు పెట్టండి.

చిన్న గ్యాస్ బర్నర్లకు, పైలట్లకు ఫ్లేమ్ రాడ్ చవకైన, నమ్మకమైన పరికరం. రాడ్ మంటలో మునిగి ఉంటుంది. మంటలోని అయాన్ల గుండా మైక్రో ఆంపియర్లలో కరెంటు ఒకే దిశలో పారుతుంది. ఎర్త్ అయిన బర్నర్ ముఖంలో మంట తాకే వైశాల్యం, రాడ్ వైశాల్యం కన్నా కనీసం నాలుగు రెట్లు ఉండాలి. శుద్ధ హైడ్రోజన్ మంటలో అయాన్లు బాగా తక్కువ కాబట్టి అక్కడ రాడ్ వద్దు, యూవీయే సరైనది.

ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలింది. మీ బాయిలర్ రోజుకి ఒకసారైనా ఆగుతుందా? యూవీ ట్యూబ్ పాతబడితే మంట లేకపోయినా పల్సులు ఇస్తూనే ఉండొచ్చు. కంట్రోలర్ (బర్నర్‌ని వరుసక్రమంలో నడిపే పరికరం) ఆ లోపాన్ని స్టార్టప్ సమయంలో కనిపెట్టగలదు గానీ, నడుస్తుండగా కాదు. అందుకే మామూలు యూవీ స్కానర్ ఉన్న బర్నర్ 24 గంటల్లో కనీసం ఒక్కసారి ఆగి మళ్లీ స్టార్ట్ కావాలి. రోజుల తరబడి ఆగకుండా నడిచే ఫార్మా, పాల ఫ్యాక్టరీల బాయిలర్లకు సెల్ఫ్ చెకింగ్ రకమే తీసుకోవాలి. అందులో చిన్న షట్టర్ కొన్ని సెకన్లకోసారి చూపుని మూసి, సిగ్నల్ పోయిందో లేదో చూసుకుంటుంది. ధర ఎక్కువే. పర్చేజ్ విభాగం అడిగితే ఈ కారణమే చెప్పండి, ఇక్కడ రాజీ పడకండి.

పని మొదలుపెట్టే ముందు

గ్యాస్ ట్రైన్ (బర్నర్‌కి గ్యాస్ తెచ్చే పైపు, వాల్వుల వరుస) మాన్యువల్ వాల్వ్ మూసి తాళం వేయండి. ప్యానెల్ మెయిన్ స్విచ్ ఆపి తాళం, ట్యాగ్ వేయండి. స్కానర్ సర్క్యూట్‌లో హై వోల్టేజ్ ఉంటుంది, ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులు ఉంటాయి. వర్క్ పర్మిట్, గ్యాస్ డిటెక్టర్‌తో చెక్ చేయడం మీ ప్లాంట్‌లో మామూలుగా ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

సైట్ పైపుని (స్కానర్ మంటను చూసే గొట్టాన్ని) బర్నర్ ఫ్రంట్ ప్లేట్‌కి, లేదా బర్నర్ కంపెనీ ఇచ్చిన పోర్ట్‌కి మాత్రమే బిగించాలి. బాయిలర్ షెల్, ట్యూబ్ షీట్ లాంటి ప్రెషర్ భాగాల మీద వెల్డింగ్ కూడదు. బాయిలర్ల శాఖ అనుమతి లేకుండా ప్రెషర్ భాగాన్ని ముట్టుకోకూడదు.

చూపు ఎటు ఉండాలి

ఈ పనిలో సగం విలువ ఈ ఒక్క అడుగులోనే ఉంది. యూవీ ఎక్కువగా పుట్టేది మంట మొదలయ్యే మొదటి మూడో వంతులో. మధ్యలోకి, చివరకి చూస్తే సిగ్నల్ బలహీనంగా, ఊగిసలాడుతూ వస్తుంది. చూపు గీత బర్నర్ అక్షాన్ని తగినంత ఏటవాలుగా కోసుకుంటూ, మంట మొదట్లో వీలైనంత ఎక్కువ భాగం గుండా పోవాలి.

ఒకే స్కానర్ పైలట్‌నీ మెయిన్ మంటనీ చూడాలంటే, ఆ రెండూ కలిసే చోటుకి గురిపెట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్కానర్ చిన్న, పక్కకు తిరిగిన పైలట్‌ని కూడా చూడగలిగితే, మెయిన్‌ని వెలిగించలేని పైలట్‌ని చూసి కూడా అది మంట ఉంది అంటుంది. మెయిన్ వాల్వ్ తెరుచుకుంటుంది, గ్యాస్ పోగవుతుంది, కాసేపటికి ఒక్కసారిగా అంటుకుంటుంది. కాబట్టి గురి ఎలా ఉండాలంటే, మెయిన్‌ని కచ్చితంగా వెలిగించగల పైలట్ మాత్రమే స్కానర్‌కి కనిపించాలి. దీన్ని తర్వాత పైలట్ టర్న్‌డౌన్ టెస్ట్‌లో (పైలట్‌ని తగ్గించి చూసే పరీక్షలో) రుజువు చేస్తాం.

స్పార్క్ ఎలక్ట్రోడ్ చూపులో ఉండకూడదు. స్పార్క్‌లో యూవీ బాగా ఉంటుంది. నేరుగా కనబడకపోయినా, మెరిసే లోహం మీద పడి తిరిగొచ్చే కాంతి చాలు స్కానర్ మోసపోవడానికి. ఎదురు గోడ రిఫ్రాక్టరీ కూడా నేరుగా కనబడకుండా చూడండి. రిఫ్రాక్టరీ సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే యూవీ ట్యూబ్‌కి కనిపించడం మొదలవుతుంది. ప్యాకేజ్ బాయిలర్‌లో అంత వేడి రావడం అరుదు గానీ, ఫర్నేస్‌లలో, కిల్న్‌లలో వస్తుంది.

డ్రాయింగ్ మీద కోణం ఎంత బాగా వేసినా అసలు గురి కుదిరేది మంట ఉన్నప్పుడే. కాబట్టి పైపుని మొదట టాక్ వెల్డ్‌తో నిలపండి, లేదా గురి మార్చుకునే స్వివెల్ మౌంట్ వాడండి. నా అభిప్రాయంలో స్వివెల్ మౌంట్ ఖర్చు పూర్తిగా గిట్టుబాటు. మంట వెలిగాక మీటర్ చూస్తూ కొద్దికొద్దిగా కదిపి, సిగ్నల్ గరిష్ఠంగా, నిలకడగా ఉన్న చోట బోల్టులు బిగించొచ్చు.

సైట్ పైపు

మామూలు నల్ల ఇనుప పైపు వాడండి. గ్యాల్వనైజ్డ్ పైపు, స్టెయిన్‌లెస్ పైపు వద్దు. వాటి లోపలి మెరుపు యూవీని అద్దంలా ప్రతిఫలిస్తుంది. గురి తప్పినా సిగ్నల్ వస్తూనే ఉంటుంది, స్పార్క్ కూడా అలాగే లోపలికి దూరుతుంది. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు కదా అని మంచి ఉద్దేశంతోనే చాలామంది దాన్ని బిగిస్తారు. ఇక్కడ మాత్రం నల్ల పైపే సరైనది.

పైపు సైజు స్కానర్ థ్రెడ్‌కి తగినట్టు ఉండాలి, సాధారణంగా అరంగుళం లేదా ఒక అంగుళం. పొడవు వీలైనంత తక్కువ ఉండాలి. పొడవు పెరిగిన కొద్దీ చూపు సన్నబడి, సిగ్నల్ తగ్గుతుంది. స్కానర్ వైపు కొంచెం ఎత్తుగా, ఫర్నేస్ వైపు వాలుగా బిగిస్తే మసి, తేమ స్కానర్ ముఖం మీదకి చేరవు. రిఫ్రాక్టరీలో రంధ్రం పైపు కన్నా వెడల్పుగా, లోపలికి పోయే కొద్దీ విచ్చుకుంటూ ఉండాలి. లేకపోతే వేడికి రిఫ్రాక్టరీ కాస్త జరిగినా అంచు చూపుకి అడ్డం వస్తుంది.

స్కానర్ బిగించే ముందు పైపు గుండా కంటితో చూడండి. పైలట్ ముక్కు, డిఫ్యూజర్ (మంట నిలిచే పళ్లెం) అంచు కనబడాలి, స్పార్క్ ఎలక్ట్రోడ్ కొస కనబడకూడదు. బర్నర్ ఆగి, గ్యాస్ లాక్ అయి ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

స్కానర్‌కి, పైపుకి మధ్య వేడి ఆపే నైలాన్ లేదా ఫైబర్ బుషింగ్ పెట్టండి. విద్యుత్ పరంగా కూడా అది వేరు చేస్తుంది. అక్కడ క్వార్ట్జ్ కిటికీ ఉంటే దాన్ని భద్రంగా చూసుకోండి. పగిలిందని ఎవరో మామూలు గాజు ముక్క కోసి పెడితే కంటికి అంతా స్పష్టంగానే కనబడుతుంది గానీ స్కానర్‌కి ఏమీ కనబడదు. మామూలు గాజు ఈ శ్రేణి యూవీని ఆపేస్తుంది.

చల్లగా ఉంచే గాలి

స్కానర్ ఎంత వేడి తట్టుకోగలదో డేటా షీట్‌లో ఉంటుంది. ఉదాహరణకు హనీవెల్ సీ7027 రకానికి పరిమితి 102 డిగ్రీలు. వేసవిలో మన బాయిలర్ హౌస్‌లోనే 45 డిగ్రీలు ఉంటాయి, బర్నర్ ప్లేట్ దగ్గర ఇంకా ఎక్కువ. కాబట్టి సైట్ పైపులో టీ ఆకారపు జాయింట్ పెట్టి, బ్లోయర్ నుంచి గానీ శుభ్రమైన ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ నుంచి గానీ కొంచెం గాలి ఇవ్వండి. అది స్కానర్‌ని చల్లబరుస్తుంది, ఫర్నేస్ నుంచి తిరిగొచ్చే పొగను కూడా ఆపుతుంది.

కంప్రెసర్ గాలి వాడితే ముందు ఫిల్టర్, నూనె, నీరు విడదీసే సెపరేటర్ తప్పకుండా ఉండాలి. ఈ గాలి లైన్‌లో (పర్జ్ లైన్) వచ్చే సన్నటి నూనె పొర కిటికీ మీద పేరుకుంటే కంటికి దాదాపు తెలియదు. దాన్ని వేలితో తాకితే జిడ్డు తగులుతుంది, అప్పటికే సిగ్నల్ సగానికి పడిపోయి ఉంటుంది. గాలి మరీ ఎక్కువ ఇచ్చినా పైలట్ మంట పక్కకు వంగుతుంది. స్కానర్ చేత్తో ముట్టుకోగలిగేంత వెచ్చగా ఉంటే చాలు.

వైరింగ్

స్కానర్ కేబుల్ వేరే కండ్యూట్‌లో రావాలి. ఇగ్నిషన్ కేబుల్‌తో, మోటార్ పవర్ కేబుల్‌తో కలిపి వేయకండి. ఇగ్నిషన్ కేబుల్ నుంచి వచ్చే ఇండక్షన్ మంట లేకపోయినా సిగ్నల్ పుట్టించగలదు, ఉన్న సిగ్నల్‌ని చెడగొట్టగలదు. పొడవు తక్కువ ఉండాలి, మధ్యలో అతుకులు ఉండకూడదు. కేబుల్ కండ్యూట్‌లోకి వెళ్లే చోట వేడి తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న వైరే వాడండి.

యూవీ ట్యూబ్‌కి పోలారిటీ ఉంటుంది. హనీవెల్ సీ7027లో నీలం తీగ ఎఫ్ టెర్మినల్‌కి, తెల్లది జీ టెర్మినల్‌కి వెళ్లాలి. పొరపాటున ఒక్క క్షణం తారుమారైనా ట్యూబ్ శాశ్వతంగా దెబ్బతినొచ్చు. వేరే కంపెనీ అయితే రంగులు వేరు, కాబట్టి డ్రాయింగ్ చేతిలో పెట్టుకునే కనెక్ట్ చేయండి. స్కానర్ సర్క్యూట్‌ని మెగ్గర్‌తో (హై వోల్టేజ్‌తో ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) ఎప్పుడూ టెస్ట్ చేయకండి. టెస్ట్ చేయాల్సింది కేబుల్ ఒక్కటే అయితే రెండు వైపులా విప్పి చేయండి.

ఎర్తింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లేమ్ రాడ్ ఉన్న బర్నర్‌లో కరెంటు బర్నర్ బాడీ గుండానే తిరిగి వెళ్తుంది. బర్నర్ ఎర్త్ వదులైతే, లేదా కంట్రోల్ సప్లైకి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకపోతే, కళ్లముందు మంట మండుతున్నా సిగ్నల్ సున్నా చూపిస్తుంది. చాలా కంట్రోలర్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా ఇదే జరుగుతుంది. రాడ్ మార్చడం మొదలుపెట్టే ముందు ఈ రెండూ మల్టీమీటర్‌తో చూసేయండి.

కంట్రోలర్ సెట్టింగులు

ఆంప్లిఫయర్ స్కానర్ రకానికి సరిపోయేదే ఉండాలి. సెల్ఫ్ చెకింగ్ స్కానర్ కొని మామూలు ఆంప్లిఫయర్ ప్లగ్ చేస్తే ఆ ఖర్చుకు ప్రయోజనం ఉండదు.

ఫ్లేమ్ ఫెయిల్యూర్ రెస్పాన్స్ టైమ్ అంటే మంట పోయినప్పటి నుంచి వాల్వుకి కరెంటు తీసేవరకు పట్టే సమయం. ఆంప్లిఫయర్ని బట్టి ఒక సెకను లోపు, లేదా మూడు సెకన్ల రకాలు దొరుకుతాయి. మొదట్లో చెప్పిన లెక్క గుర్తుచేసుకుంటే, ఫోర్స్డ్ డ్రాఫ్ట్ (బ్లోయర్ గాలి తోసే) గ్యాస్ బర్నర్‌కి తక్కువ సమయం ఉన్నదే కావాలి. తరచూ ట్రిప్ అవుతోందని ఈ సమయం పెంచడం రోగం వదిలేసి థర్మామీటర్ మార్చడమే. సిగ్నల్ ఎందుకు ఊగుతోందో ముందు వెతకండి.

ప్రీ పర్జ్ టైమ్ (వెలిగించే ముందు లోపల మిగిలిన గ్యాస్‌ని గాలితో తోసేసే సమయం) గాలి లెక్కతో పెట్టండి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 85 ప్రకారం ఫైర్ ట్యూబ్ బాయిలర్‌లో కనీసం నాలుగు సార్లు, వాటర్ ట్యూబ్‌లో ఎనిమిది సార్లు లోపలి గాలి పూర్తిగా మారాలి. ఫర్నేస్, పాస్‌లు, పొగగూడు వరకు మీ బాయిలర్ లోపలి ఖాళీ 6 ఘనపు మీటర్లు అనుకుందాం. నాలుగు సార్లంటే 24 ఘనపు మీటర్లు. పర్జ్‌లో గాలి సెకనుకు 0.7 ఘనపు మీటర్లు వస్తే 34 సెకన్లు పడుతుంది. టైమర్‌ని 40 సెకన్లకు పెట్టి, డ్యాంపర్ (గాలి తలుపు) నిజంగా హై ఫైర్ (పూర్తి మంట) పొజిషన్‌కి తెరుచుకుంటోందో కంటితో చూసుకోండి. టైమర్ ఎంత చూపినా డ్యాంపర్ సగమే తెరిస్తే లెక్క తప్పినట్టే.

పైలట్ ఇంటరప్టెడ్ రకంగా ఉండాలి. అంటే మెయిన్ మంట పట్టుకున్నాక పైలట్ ఆరిపోవాలి. పైలట్ వెలుగుతూనే ఉంటే, మెయిన్ పోయినా స్కానర్ పైలట్‌ని చూసి మోసపోతుంది. మంట పోతే కంట్రోలర్ తనంతట తాను మళ్లీ వెలిగించే రీసైకిల్ ఐచ్ఛికాన్ని తీసేసి, లాకౌట్ (రీసెట్ చేసేదాకా బర్నర్ ఆగిపోవడం) ఉంచండి. మనిషి వచ్చి కారణం చూసి రీసెట్ చేయాలి.

కంట్రోలర్ మంట గురించి ఎంత బాగా తెలుసుకున్నా గ్యాస్‌ని ఆపేవి వాల్వులే. వరుసగా రెండు సేఫ్టీ షటాఫ్ వాల్వులు ఉండాలి, వాటి లీక్ టెస్ట్ ఈ రోజే చేయండి.

మొదటిసారి వెలిగించేముందు డ్రై రన్

పైలట్, మెయిన్ మాన్యువల్ వాల్వులు రెండూ మూసే ఉంచి స్టార్ట్ చేయండి. బ్లోయర్ తిరగాలి, పర్జ్ పూర్తి కావాలి, స్పార్క్ రావాలి, పైలట్ సోలినాయిడ్ తెరుచుకోవాలి, మంట లేదు కాబట్టి గడువులోగా లాకౌట్ కావాలి. స్పార్క్ ఉన్నంతసేపూ ఫ్లేమ్ సిగ్నల్ మీటర్ మీదనే కన్ను ఉంచండి. ముల్లు ఏమాత్రం లేచినా స్కానర్ స్పార్క్‌ని చూస్తోందన్న మాట. అప్పుడు గురి మార్చాలి, లేదా ఎలక్ట్రోడ్‌కి స్కానర్‌కి మధ్య అడ్డు పెట్టాలి. ఇది సరిచేయకుండా గ్యాస్ తెరవకండి.

తర్వాత స్కానర్‌ని పైపు నుంచి విప్పి, మళ్లీ స్టార్ట్ చేయండి. పర్జ్ జరుగుతుండగా స్కానర్ ముందు లైటర్ వెలిగించండి. గ్యాస్ మూసి ఉంది కాబట్టి భయం లేదు. పర్జ్ సమయంలోనే మంట కనబడితే కంట్రోలర్ ముందుకు వెళ్లకుండా ఆగాలి, లేదా లాకౌట్ కావాలి. ముందుకు సాగిపోతే ఆ కంట్రోలర్‌ని నమ్మకూడదు.

పైలట్, దాని టర్న్‌డౌన్ టెస్ట్

స్కానర్ తిరిగి బిగించి, పైలట్ వాల్వ్ ఒక్కటే తెరిచి స్టార్ట్ చేయండి. పైలట్ వెలిగాక ఫ్లేమ్ సిగ్నల్ రాసుకోండి. హనీవెల్ 7800 సిరీస్‌లో ఆంప్లిఫయర్ మీది సాకెట్లలో 0 నుంచి 5 డీసీ వోల్టుల సిగ్నల్ దొరుకుతుంది, కనీసం 1.25 వోల్టులు నిలకడగా ఉండాలి. సీమెన్స్ ఎల్‌ఎఫ్‌ఎల్1లో స్కానర్ కరెంటు కొలుస్తారు, యూవీకి కనీసం 70 మైక్రో ఆంపియర్లు కావాలి. కనీసానికి అంటిపెట్టుకుని ఉన్న సిగ్నల్‌తో నేను ఒప్పుకోను. దానికి రెట్టింపు వచ్చేదాకా గురి సరిచేయడం మంచిది, ఎందుకంటే కిటికీ మీద మసి పట్టడం రేపటి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు పైలట్ టర్న్‌డౌన్. మెయిన్ మాన్యువల్ వాల్వ్ మూసి ఉండగా, కంట్రోలర్‌ని పైలట్ దశలోనే ఆపే స్విచ్ ఉంటే వాడండి. పైలట్ గ్యాస్ ప్రెషర్‌ని మెల్లగా తగ్గిస్తూ పోండి. ఒక చోట ఫ్లేమ్ రిలే (మంట ఉందని చెప్పే స్విచ్) పడిపోతుంది. దానికి కొంచెం పైన, రిలే పట్టుకుని నిలిచే అతి చిన్న పైలట్ దగ్గర ఆపండి. ఆ చిన్న పైలట్‌తో మెయిన్ వాల్వ్ తెరిచి లో ఫైర్‌లో (అతి తక్కువ మంటలో) వెలిగించి చూడండి. మెయిన్ వెంటనే, చప్పుడు లేకుండా అంటుకోవాలి. కొన్నిసార్లు వరుసగా చేయండి, ప్రతిసారీ పర్జ్ పూర్తవనివ్వండి.

మెయిన్ ఆలస్యంగా అంటుకుంటే, లేదా దడేల్ మంటే వెంటనే మూసేయండి. గురిని పైలట్ మొదలుకి దూరంగా, మెయిన్ వైపు జరపండి. అప్పుడు స్కానర్‌కి పెద్ద పైలట్ ఉంటేనే కనిపిస్తుంది. మళ్లీ మొదటి నుంచి టెస్ట్ చేయండి. ఇది పూర్తయ్యాక పైలట్ ప్రెషర్‌ని అసలు సెట్టింగుకి తీసుకురావడం మరవకండి.

మెయిన్ మంట టెస్టులు

లో ఫైర్, మధ్య, హై ఫైర్ మూడు చోట్లా సిగ్నల్ రాయండి. తక్కువ నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) వచ్చేలా చేసిన బర్నర్లలో మంట డిఫ్యూజర్ నుంచి కొంచెం లేచి ముందుకు జరుగుతుంది, కాబట్టి లో ఫైర్‌లో బాగున్న సిగ్నల్ హై ఫైర్‌లో పడిపోవచ్చు. అలాంటప్పుడు రెండింటికీ మధ్యస్తంగా గురి కుదర్చాలి.

ఇక మంట పోయే టెస్ట్. లో ఫైర్‌లో నడుస్తుండగా మెయిన్ మాన్యువల్ వాల్వ్‌ని గబుక్కున మూసేయండి. స్టాప్‌వాచ్ పట్టుకోండి. మంట పోగానే, సెట్ చేసిన సమయంలోగా సేఫ్టీ వాల్వులు టకీమని మూసుకోవాలి, లాకౌట్ రావాలి, అలారం మోగాలి.

చివరగా, చాలామంది వదిలేసే వేడి రిఫ్రాక్టరీ టెస్ట్. బాయిలర్‌ని హై ఫైర్‌లో కనీసం అరగంట నడిపి, రిఫ్రాక్టరీ పూర్తిగా కాలనివ్వండి. తర్వాత మెయిన్ గ్యాస్‌ని మాన్యువల్‌గా ఆపి, ఫ్లేమ్ సిగ్నల్ వెంటనే సున్నాకి వస్తుందో లేదో చూడండి. చల్లని బాయిలర్‌లో పాసైన స్కానర్ ఇక్కడ ఫెయిల్ కావచ్చు. రిలే ఆలస్యంగా పడితే స్కానర్ ఎర్రటి ఇటుకని మంట అనుకుంటోంది. గురి మార్చండి, చూపు రంధ్రాన్ని ఆరిఫిస్ ప్లేట్‌తో (చిన్న రంధ్రమున్న పలకతో) సన్నం చేయండి. అప్పటికీ సమస్య ఉంటే వేరే రకం స్కానర్‌కి వెళ్లాలి. ఇన్‌ఫ్రారెడ్ వాడేవాళ్లు ఈ టెస్ట్‌ని మరీ శ్రద్ధగా చేయాలి. వేడి గాలి కదలికల వల్ల ఇటుక వెలుగు కూడా మిణుకుతున్నట్టు అనిపిస్తుంది.

నడుస్తూ నడుస్తూ ట్రిప్ అవుతుంటే

రాత్రి షిఫ్ట్‌లో నాలుగుసార్లు ట్రిప్ అయితే ఆపరేటర్‌కి టెన్షన్ సహజం. ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. అప్పుడే స్కానర్‌ని విప్పి దాని ముందు దీపం పెట్టడం, టెర్మినల్స్ జంపర్ చేయడం (తీగతో కలిపేసి స్కానర్‌ని తప్పించడం) లాంటి ఆలోచనలు వస్తాయి. ఆ క్షణం నుంచి మంట ఉన్నా లేకున్నా గ్యాస్ వాల్వ్ తెరిచే ఉంటుంది. ఆ బాయిలర్ ముందు నిలబడేది మీ మనిషే కాబట్టి, ఇలాంటి జంపర్ కనబడితే బాయిలర్‌ని ఆపడానికి ఏ అనుమతీ అడగక్కర్లేదని ఆపరేటర్లకి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

ట్రిప్‌కి కారణం చాలాసార్లు స్కానర్ కాదు. ముందు కిటికీని మెత్తటి బట్టతో తుడిచి, సిగ్నల్ పెరిగిందో చూడండి. పెరిగితే సమస్య పర్జ్ గాలిలో ఉంది. సిగ్నల్ హై ఫైర్‌లోనే పడిపోతుంటే గాలి ఎక్కువై మంట ఎగిరిపోతోందేమో గాలి, గ్యాస్ సెట్టింగ్ చూడండి. గ్యాస్ ప్రెషర్ రెగ్యులేటర్ ఊగుతున్నా మంట ఊగుతుంది. సిగ్నల్ సమయం సందర్భం లేకుండా ఠక్కున పడిపోయి ఠక్కున వస్తుంటే కేబుల్, టెర్మినల్, ఎర్త్ వదులుగా ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ బాగున్నాక మాత్రమే ట్యూబ్ మార్చండి. బర్నర్ ఆగి ఉన్నప్పుడు కూడా సిగ్నల్ వస్తుంటే, దగ్గర్లో ఎవరైనా ఆర్క్ వెల్డింగ్ చేస్తున్నారా అని చూడండి. వెల్డింగ్ లేకపోతే ట్యూబ్ పాడైనట్టే, దాన్ని ఆ రోజే తీసేయండి.

తర్వాతి నిర్వహణ

లాగ్ బుక్‌లో రోజూ ఫ్లేమ్ సిగ్నల్ ఒక అంకె రాయించండి. నెలలో 3.5 వోల్టుల నుంచి మెల్లగా 2కి దిగితే, ట్రిప్ రాకముందే కిటికీ శుభ్రం చేయొచ్చు. వారానికోసారి లో ఫైర్‌లో మంట పోయే టెస్ట్ చేసి వాల్వ్ మూసుకునే సమయం రాయండి. కిటికీ, పర్జ్ గాలి నెలకోసారి చూడండి. పైలట్ టర్న్‌డౌన్, వేడి రిఫ్రాక్టరీ టెస్టులు ఏడాదికోసారైనా, బర్నర్ సెట్టింగు మార్చినప్పుడల్లా, స్కానర్ గానీ ఆంప్లిఫయర్ గానీ మార్చినప్పుడల్లా తప్పకుండా చేయాలి.

యూవీ ట్యూబ్‌కి ఆయుష్షు సుమారు 10,000 గంటలు అని చాలా కంపెనీలు ఇస్తాయి. ఆగకుండా నడిచే బాయిలర్‌లో అది పద్నాలుగు నెలలకు తక్కువే. బిగించిన తేదీని స్కానర్ మీదే పెయింట్ మార్కర్‌తో రాయండి, ఒక ట్యూబ్ స్టోర్‌లో ఎప్పుడూ ఉంచండి. అర్ధరాత్రి స్పేర్ చేతిలో ఉంటే జంపర్ ఆలోచనే రాదు.